చివరి బెంచీ దాకా

పెట్టె మూత తీసే ముందు ఆయన ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుంటాడు. ముందు చెయ్యి లోపలికి వెళుతుంది, తర్వాతే స్క్రూడ్రైవరు బయటికి వస్తుంది. ఆ వరస ఎప్పుడూ తప్పలేదు. ఆయన ప్యాంట్లన్నిటికీ ఎడమ జేబే ముందు చిరుగుతుంది. కుట్టేది భార్య.

ఆ అలవాటు పని నేర్పిన పెద్దాయన పెట్టింది. ప్లగ్గు పీకేసినా యాంప్లిఫయర్ లోపల కొంత కరెంటు దాక్కుని ఉంటుంది. రెండు చేతులూ లోపల పెడితే అది ఒక చేతిలోంచి ఎక్కి ఇంకో చేతిలోంచి దిగుతుంది. దారిలో గుండె ఉంటుంది. "దానికి దారి ఇవ్వకురా" అనేవాడు పెద్దాయన. అంతకుమించి పాఠం చెప్పలేదు. ఎడమ చెయ్యి బయట కనపడితే స్కేలుతో ఒకటి వేసేవాడు. పెద్దాయన పోయాడు. స్కేలు కొట్టులోనే ఉంది. చెయ్యి జేబులోనే ఉంది.

సందులో అందరూ ఆయన్ని జేబుగారు అంటారు. బావమరిది మాత్రం బావా అంటాడు. వాడు ఒక చిన్న బ్యాండులో కీబోర్డు వాయిస్తాడు, ఆ బ్యాండుకి సౌండు ఇప్పటికీ ఈయనే సెట్ చేస్తాడు. వాడికి నోరు ఊరుకోదు. "మా బావ పెళ్లి ఫొటోలో కూడా చెయ్యి జేబులోనే ఉంది. మా అక్కని ముట్టుకుంటే షాక్ కొడుతుందని ఎవరో ముందే చెప్పారు" అని ఎవరు దొరికితే వాళ్లకి చెబుతాడు. ఫొటోలో నిజంగానే అలా ఉంది.

కొట్టు ఒక మేడమెట్ల కింద ఉంది. వంగి లోపలికి వెళ్లాలి. ఒక బల్ల, ఒక బల్బు, ఒక స్టూలు. ఆ స్టూలు వచ్చినవాళ్లకి, ఆయన నిలబడే పని చేస్తాడు. అక్కడ రోజంతా వినపడే మాట యాంప్. కరెంటు పని చేసేవాళ్లకి అది ఫ్యూజు మీద అంకె: ఐదు యాంప్స్, పదిహేను యాంప్స్. గిటారు కుర్రాళ్లకి అది భుజాన మోసుకొచ్చి బల్ల మీద దించే, శబ్దం పెంచే నల్ల పెట్టె. సభలకి మైకులు కట్టేవాళ్లకి వ్యాను వెనకాల సగం నింపేసేది. ఎవరు ఏ యాంప్ అన్నా ఆయన విడమర్చి అడగడు. చేతిలో ఏముందో చూస్తాడు.

వయసులో ఉండగా బ్యాండుతో పాటు ఊళ్లు తిరిగాడు. స్టేజీ పక్కన, పెద్ద స్పీకరుకి చెయ్యి చాస్తే తగిలేంత దూరంలో, మడత కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఫ్యూజు పోతే క్షణంలో మార్చాలి, అందుకని. చొక్కా జేబులో ఫ్యూజులు, ఎడమ జేబులో చెయ్యి. పాటలు ఎలా ఉన్నాయని అడిగితే చెప్పలేడు. స్పీకరు పని చేస్తోందా లేదా అన్నదే వినేవాడు. కుడి చేతి వేళ్ల కొసలు ఆ రోజుల్లోనే మొద్దుబారాయి. సాల్డరింగ్ ఐరన్ తగిలితే వాసన వచ్చాక తెలుస్తుంది. దానికి ఆయన విచారించలేదు. వేళ్లు వాటి పని అవి చేస్తున్నాయి.

భార్య టీచరు. మూడో తరగతి చెబుతుంది. ఆ స్కూల్లో గదికీ గదికీ మధ్య గోడ పైకప్పు దాకా ఉండదు. ఆవిడ ఎక్కాలు చెప్పిస్తుంటే పక్క గదిలో రెండో తరగతి పిల్లలు కూడా వాళ్ల పాఠం మానేసి ఎక్కాలు అందుకునేవారు. అంత గొంతు. ఇంట్లో కూడా అంతే. సందు మొదట్లో ఆయన సైకిలు దిగేసరికి లోపల్నుంచి ఆవిడ కూరగాయలవాడితో మాట్లాడుతున్నది వినపడేది. బావమరిది అనేవాడు: "అక్కకి మైకు అక్కర్లేదు. అక్కే ఒక యాంప్."

తర్వాత గొంతులో కాయ వచ్చింది. ఆపరేషన్ చేశారు. కాయ పోయింది, గొంతూ పోయింది. ఒక నరం మొద్దుబారిందని, అది లేస్తే లేస్తుంది, లేకపోతే లేదని డాక్టరు చెప్పాడు. అది లేవలేదు. మాటల ఆకారం ఉంది, చప్పుడు లేదు. ఊపిరి మాత్రం వస్తుంది.

ఇల్లు నెమ్మదించింది. ఆవిడ ఏదో అంటుంది, ఆయన "ఆఁ?" అంటాడు. ఆవిడ మళ్లీ అంటుంది, ఆయన మళ్లీ "ఆఁ?" అంటాడు. మూడోసారి ఆవిడ అనదు. కొన్నాళ్లకి రెండోసారి కూడా మానేసింది. అన్నానికి రమ్మని కంచం మీద గరిటెతో కొట్టేది. ఆయన వచ్చి కూర్చునేవాడు. చాలా విషయాలకి ఊరికే తల ఊపేవాడు. అలా ఊపితే మాట అయిపోతుంది. పాపం దాని గొంతు, అనుకునేవాడు. అంతా ఆ గొంతు వల్లే అనుకున్నాడు. ఆపరేషన్‌కి ముందు కూడా తను "ఆఁ?" అనేవాడని ఆయనకి గుర్తులేదు.

స్కూల్లో హెడ్ మేడం కొన్నాళ్లు ఓపిక పట్టింది. ముందు రెండు వరసల పిల్లలకి తప్ప భార్య మాట అందడం లేదు. వెనక బెంచీలు వాటి లోకంలో అవి ఉన్నాయి. ఇలా అయితే క్లాసు ఇంకొకరికి ఇవ్వాలి, మిమ్మల్ని లైబ్రరీ గదిలో వేస్తాను, చిరిగిన పుస్తకాలు అతికించుకోవచ్చు, అంది మేడం. మంచిగానే అంది. ఆ మాట ఆవిడ ఇంట్లో చెప్పడానికి ఆయన చెవి దగ్గరికి వచ్చింది. క్లాసు లేకపోతే నేను ఏం చేస్తాను అని మాత్రం ఆవిడ అడగలేదు. అడగకపోయినా ఆయనకి అర్థమైంది.

"యాంప్ చేసిస్తాను" అన్నాడు.

"బజార్లో దొరుకుతాయి బావా. నడుముకి కట్టుకునేవి" అన్నాడు బావమరిది.

"ఇంట్లో చేసేవాణ్ణి పెట్టుకుని బజారుకి ఎందుకు?"

సబ్బుపెట్టె కంటే కాస్త పెద్ద డబ్బా చేశాడు. దానికి నాలుగు బ్యాటరీలు, నడుముకి ఒక పట్టీ, నోటి దగ్గరికి వచ్చేలా తీగ చివర మైకు. వంటింట్లో ఆవిడకి కట్టి, మూత తెరిచి ఉంచి, చెయ్యి జేబులో పెట్టుకుని, "ఏదైనా అను" అన్నాడు.

"రెండొకట్ల రెండు" అంది ఆవిడ. "రెండ్రెళ్ల నాలుగు."

మాట వచ్చింది గానీ దుప్పటి కింద నుంచి వస్తున్నట్టుంది. లోపల ఒక చిన్న స్క్రూ ఉంటుంది, సన్నని శబ్దాలని పెంచేది. దాన్ని తిప్పాడు. దుప్పటి కొంచెం తొలిగింది. ఇంకా తిప్పాడు. అక్షరాలకి అంచులు వచ్చాయి. ఆవిడ ఒక కన్ను మూసింది. సంతోషం అనుకున్నాడు.

"బాగుందా?"

"బాగుంది" అంది. ఆ మాట ఆయనకి ఒక్కసారికే వినపడింది. ఎన్ని నెలలకో.

ఆ సాయంత్రం ఆవిడ పట్టీ విప్పలేదు. వంట చేస్తూ, స్కూల్లో ఎవరు ఎవరితో మాట్లాడటం లేదో, ఎందుకు మాట్లాడటం లేదో, పక్కింటావిడ కుక్క ఎవరి చెప్పు ఎత్తుకుపోయిందో అన్నీ చెప్పింది. ఆయన నవ్వాడు. మధ్యలో ఎక్కడా తల ఊపాల్సిన పని పడలేదు. మర్నాడు ఇంట్లో కట్టుకోమంటే తలనొప్పి అంది. "స్కూలుకే ఉంచుకుంటాను."

రోజూ పొద్దున నడుముకి కట్టుకుని వెళ్లేది. సాయంత్రం ఎలా ఉందని అడిగితే బొటనవేలు ఎత్తి చూపించేది. ఆయన ఆ సంగతి మర్చిపోయాడు. పని చేసే యాంప్ గురించి ఎవరూ ఆలోచించరు.

ఒకరోజు స్కూలు నుంచి కబురొచ్చింది. పొద్దున పిల్లలందర్నీ నిలబెట్టి మాట్లాడే మైకు పలకడం లేదట. వెళ్లాడు. హెడ్ మేడం గదిలో మూలన ఉంది యాంప్లిఫయర్. చెయ్యి జేబులో పెట్టి మూత తీశాడు. ఫ్యూజు పోయింది, అంతే. కొత్తది వేస్తుండగా మేడం తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"మీరు వచ్చారు కాబట్టి ఒక మాట. టీచరుగారి మీద నాకు కోపం లేదండీ."

"కోపం ఎందుకు?"

"అదే, లైబ్రరీలో వేసినందుకు."

ఆయన ఫ్యూజు నొక్కి, మూత బిగించడం మొదలుపెట్టాడు.

"మీకు చెప్పలేదా?"

"చెప్పే ఉంటుంది. నాకు వినపడి ఉండదు" అన్నాడు. ఇంట్లో పాత జోకు అది. మేడం నవ్వలేదు.

"మాట బాగానే వస్తోందండీ ఆ పెట్టెలోంచి. దాంతో పాటు ఈల వస్తోంది. సన్నగా, చెవిలో సూది పెట్టినట్టు. పిల్లలు చెవులు మూసుకుని కూర్చున్నారు. ఒక పిల్ల ఏడ్చింది. రెండు రోజులు చూసి, ఆవిడే వచ్చి లైబ్రరీకి వెళతానంది."

"ఈల ఏమీ లేదండీ. నేను విని ఇచ్చాను."

మేడం ఆయన వైపు చూసింది. కొంచెంసేపు చూసి, గొంతు పెంచింది. చిన్నపిల్లలతో మాట్లాడినట్టు.

"ఉందండీ. నేనూ విన్నాను. రేపు మధ్యాహ్నం కొత్త టీచరు కావాలని నేను పైవాళ్లకి చెప్పాలి. చెప్పాక నా చేతిలో ఉండదు. ఆ లోపల మీరు అది బాగుచేస్తే, పొద్దున మొదటి పీరియడు నేనే చివరి బెంచీలో కూర్చుని వింటాను."

"సరేనండి" అన్నాడు.

లైబ్రరీ గది వరండా చివర. భార్య పొడుగు బల్ల దగ్గర కూర్చుని ఒక పుస్తకం వీపుకి జిగురు రాస్తోంది. డబ్బా పక్క అలమారు మీద, చేతిరుమాలులో చుట్టి ఉంది. ఆవిడ తల ఎత్తింది. ఆయన గుమ్మంలో నిలబడ్డాడు. పుస్తకం అట్ట మెల్లగా లేచి, మళ్లీ పడింది.

"అది ఇవ్వు" అన్నాడు.

ఇచ్చింది. ఏదో అంది. పెదాలు కదిలాయి. ఆయన తల ఊపి బయటికి వచ్చాడు.

కొట్టు దగ్గర బావమరిది, బాగుచేయించడానికి తెచ్చిన పెట్టె పక్కన పెట్టుకుని, మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. "ఏం బావా, స్కూల్లో చేరావట? ఒకటో తరగతా?"

ఆయన షట్టరు ఎత్తి, డబ్బా బల్ల మీద పెట్టి, స్విచ్ వేశాడు. మైకు డబ్బా దగ్గరికి తెచ్చాడు.

బావమరిది రెండు చెవులూ మూసుకున్నాడు. "ఆపు బావా."

గదిలో చప్పుడు లేదు. బయట ఎవరో బండి స్టార్ట్ చేస్తున్నారు, అది వినపడింది. ఆయన మీటరు తీసి తీగలు తగిలించాడు. ముల్లు లేచి నిలబడింది. అంటే డబ్బాలోంచి గట్టి శబ్దమే వస్తోంది. స్విచ్ ఆపాడు. ముల్లు పడింది, బావమరిది చేతులు దిగాయి. స్విచ్ వేశాడు. ముల్లు లేచింది, చేతులు లేచాయి. మళ్లీ ఆపాడు. మళ్లీ వేశాడు.

"నన్నేమన్నా కీ ఇచ్చే బొమ్మ అనుకున్నావా?"

ఆయన ఆపేశాడు. ఆ సాయంత్రం వంటింట్లో తను ఏం చేశాడో అప్పుడు తెలిసింది. సన్నని శబ్దాలు తన చెవికి అందేదాకా పెంచుకుంటూ పోయాడు. తన చెవికి అందేసరికి అవి ఇంకెవరూ భరించలేనంత అయ్యాయి. ఆ పైన వచ్చిన ఈల తనకి అందనే లేదు.

"ఎప్పట్నుంచి?" అని అడిగాడు.

"ఏది?"

"నాకు వినపడనిది."

"నువ్వు స్టేజీ మీద సౌండు సెట్ చేసి కిందికి దిగాక, నేను మళ్లీ తగ్గించుకుంటాను బావా. చాలా ఏళ్లయింది."

"చెప్పలేదేం?"

"చెబితే నువ్వు రావు. నువ్వు రాకపోతే ఫ్యూజు పోయినప్పుడు ఎవడు చూస్తాడు?" తర్వాత, నేల చూస్తూ, "బ్యాండులో అందరికీ తెలుసు. అక్కకీ తెలుసు."

ఆయన బాధ ఎక్కడ ఉందా అని చూసుకున్నాడు. కాలిన వేలిని నొక్కి చూసుకున్నట్టు. ఏమీ తగల్లేదు. బావమరిది తెచ్చిన పెట్టె మూత తీసి, దాని పని పూర్తిచేసి, తీగ చుట్టి ఇచ్చాడు. తాళం వేసి, లాగి చూసి, ఇంటికి వెళ్లాడు.

ఇంకా వెలుతురు ఉంది. ఆవిడ వరండాలో కూర్చుని ఉంది. ఆయన స్టూలు జరుపుకుని, కాస్త బాగున్న చెవి ఆవిడ వైపు వచ్చేలా కూర్చున్నాడు. అలా కూర్చోవడం అదే మొదటిసారి. ఆవిడ అది చూసింది.

"నాకెందుకు చెప్పలేదు?"

ఆవిడ చెవి దగ్గరికి వంగింది. "ఆ రోజు మీరు నవ్వారు."

"ఏ రోజు?"

"వంటింట్లో. నేను మాట్లాడుతుంటే."

"అందుకని?"

"అందుకని బాగుందన్నాను. స్కూలుకి వెళితే ఎలాగోలా సర్దుకుంటుందిలే అనుకున్నాను."

"పిల్లలు చెవులు మూసుకుంటే ఎలా సర్దుకుంటుంది?"

"అలవాటు పడతారనుకున్నా. మీకు నేను పడలేదూ?"

ఆయన మేడం చెప్పింది చెప్పాడు. ఇప్పుడే కూర్చుని చేద్దామా అని అడిగాడు. ఆవిడ గొంతు మీద చెయ్యి పెట్టుకుని అడ్డంగా తల ఊపింది. సాయంత్రానికి ఆ ఉన్న ఊపిరి కూడా ఉండదు. పొద్దున లేచాక కాసేపు బాగుంటుంది. ఆవిడ గొంతుతోనే చూడాలి, ఇంకొకరి గొంతుతో కుదరదు. సరే పొద్దున, అనుకున్నారు.

ఆవిడ లేచి లోపల లైటు వేసింది.

తెల్లారాక ఆయన వంటింటి బల్ల మీద డబ్బా మూత తీసి పెట్టాడు. ఆవిడ స్నానం చేసి, స్కూలు చీర కట్టుకుని, మైకు నోటి దగ్గర పెట్టుకుని ఎదురుగా కూర్చుంది. ఆయన ఎడమ చెయ్యి జేబులోకి పోయింది.

"ఈల వస్తే చెయ్యి ఎత్తు" అన్నాడు.

ఆవిడ ముందుకి వంగింది. "మీరు స్క్రూ చూస్తారా, నా చెయ్యి చూస్తారా?"

నిజమే. స్క్రూ ఆవగింజంత ఉంటుంది, కళ్లు దాని మీదే ఉండాలి.

"ఆ చెయ్యి ఇటివ్వండి. ఈల వస్తే నొక్కుతాను."

ఏ చెయ్యో ఆయనకి ఒక క్షణం తట్టలేదు. తర్వాత జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు. ఆవిడ మణికట్టు పట్టుకుంది. ఏళ్ల తరబడి పనికి దూరంగా ఉన్న చెయ్యి అది, తోలు మెత్తగా ఉంది. ఆవిడ వేళ్లు ఒక్కొక్కటీ విడివిడిగా తెలిశాయి.

"రెండొకట్ల రెండు" అంటూ నొక్కింది. ఆయన స్క్రూ తగ్గించాడు. "రెండ్రెళ్ల నాలుగు." నొక్కుతూనే ఉంది. ఇంకా తగ్గించాడు. అక్షరాల అంచులు అరుగుతున్నాయి. రెండైదుల పది దగ్గర పట్టు కొంచెం వదులైంది. రెండేళ్ల పద్నాలుగు దగ్గర పూర్తిగా వదిలేసింది. అప్పటికి ఆయనకి మాట మళ్లీ దుప్పటి కిందికి వెళ్లిపోయింది. ఎక్కం తెలిసినదే కాబట్టి ఎక్కడుందో తెలుస్తోంది, అంతే.

వెంట్రుకవాసి వెనక్కి తిప్పి, పెంచి చూశాడు. ఆవిడ నొక్కింది. ముందుకి తిప్పాడు. వదిలింది. ఇంకోసారి వెనక్కి తిప్పాడు. నొక్కింది, ఈసారి గట్టిగా. ముందుకి తిప్పి ఆపేశాడు.

"డబ్బాలో ఇంకో స్విచ్‌కి చోటుంది" అన్నాడు. "స్కూల్లో ఒకటి, ఇంట్లో ఒకటి."

ఆవిడ మైకు పక్కకి తీసి, చెవి దగ్గరికి వచ్చింది. "ఒక్క గొంతుకే ఇన్ని పాట్లు. రెండెందుకండీ నాకు?"

స్క్రూ కదలకుండా దాని మీద గోళ్లరంగు చుక్క పెడతారు. ఆయన సీసా ఎండిపోయింది. ఆవిడ అద్దం దగ్గర పాతది ఒకటి ఉంటే అది తెచ్చి, చుక్క పెట్టి, ఆరేదాకా ఊదాడు. గులాబీ రంగు. ఇక అది తిరగదు. మూత బిగించి ఇచ్చాడు.

ఆవిడ పట్టీ కట్టుకుని, సంచి తీసుకుని, గుమ్మం దగ్గర ఆగి డబ్బాలోంచి ఏదో చెప్పింది. ఆయన తల ఊపాడు. ఆవిడ చెప్పులతోనే లోపలికి వచ్చి ఆయన చెవి దగ్గర నిలబడింది.

"తల ఊపకండి. పాలు పొయ్యి మీద ఉన్నాయన్నాను."

వెళ్లి పొయ్యి కట్టేశాడు. వచ్చేసరికి ఆవిడ లేదు.

ఆయన కొట్టుకి వెళ్లే దారి స్కూలు ముందు నుంచి కాదు. ఆ పొద్దున అటు వెళ్లాడు. మూడో తరగతి కిటికీ ప్రహరీ వైపు ఉంటుంది. గోడ దగ్గర నిలబడ్డాడు. హెడ్ మేడం చివరి బెంచీలో, పిల్లల మధ్య మోకాళ్లు ఇరికించుకుని కూర్చుని ఉంది. భార్య బోర్డు దగ్గర నిలబడి మాట్లాడుతోంది. ఏం మాట్లాడుతోందో ఆయనకి తెలియలేదు. ముందు వరసలో నోళ్లు తెరుచుకున్నాయి, వాటి వెంటే వెనక వరసలోనూ తెరుచుకున్నాయి, అన్నీ ఒకేసారి మూసుకున్నాయి. పిల్లల చేతులు బల్లల మీదే ఉన్నాయి.

అంతవరకు చూసి, ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుని, కొట్టు తెరవడానికి వెళ్లాడు.